మానసిక వైద్య వార్డులో నర్సు: చట్టం, నీతి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల నర్సింగ్ చదివే పిల్లలకు సైకియాట్రీ పోస్టింగ్ అనగానే మొదట వచ్చే టెన్షన్ ఒక్కటే: "పేషెంట్లు కొడతారా మేడమ్?" నాలుగు రోజులు వార్డులో తిరిగాక ఆ భయం పోతుంది. అసలు ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. ఇంటివాళ్ళు ఒకటి అడుగుతారు, డాక్టర్ గారు ఒకటి రాస్తారు, రోగి ఇంకోటి కోరుకుంటాడు. ఆ ముగ్గురి మధ్యా రాత్రి డ్యూటీలో నిలబడేది నర్సే. పిల్లలూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన సిస్టర్లూ, ఊళ్ళలో పనిచేసే ఏఎన్ఎంలూ పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇప్పుడు మనం ఏ చట్టం ప్రకారం నడుచుకోవాలి?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఇది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దీనికి ముందు 1987 నాటి చట్టం, అంతకు ముందు బ్రిటిష్ వాళ్ళు 1912లో తెచ్చిన చట్టం ఉండేవి. పాత చట్టాల దృష్టంతా రోగిని ఎక్కడ ఉంచాలి, ఎవరి అదుపులో ఉంచాలి అన్నదాని మీదే. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. ఆ తర్వాత చట్టాన్ని కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. అందుకే ఇందులో రోగి హక్కులకు పెద్ద పీట వేశారు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కదా, అక్కడ వేరే చట్టమా అని కొందరు అడుగుతారు. చట్టం దేశమంతటికీ ఒకటే. అమలు చూసే అథారిటీ మాత్రం వేరు.

కన్నవాళ్ళో, భర్తో తీసుకొచ్చి సంతకం పెడితే అడ్మిషన్‌కి చాలదా?

చాలదు. మన వైపు ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదట రోగినే అడగాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి, చికిత్స గురించి అర్థం చేసుకోగలిగితే, తన ఇష్టంతో తనే చేరవచ్చు. దాన్ని స్వతంత్ర అడ్మిషన్ అంటారు. దానికి అన్నదమ్ముల అనుమతి గానీ, అత్తమామల అనుమతి గానీ అక్కర్లేదు. అలా చేరిన మనిషి "నేను వెళ్ళిపోతాను" అంటే పంపాలి. ప్రమాదం ఉందని అనిపిస్తే మాత్రం, పరీక్ష చేయడం కోసం 24 గంటల వరకు ఆపే వీలుంది. ఆ గడువులోగా ఏదో ఒకటి తేల్చాలి. "రేపు మీ నాన్నగారు వచ్చాక చూద్దాంలే" అని రోజులు గడపడం చట్టానికి విరుద్ధం.

రోగి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటేనే రెండో దారి. అప్పుడు ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకుంటారు. దానికీ షరతులున్నాయి. చేరే రోజునో, అంతకు ముందు 7 రోజుల్లోపో ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. వాళ్ళలో ఒకరు సైకియాట్రిస్ట్ అయి ఉండాలి. తనకు తాను హాని చేసుకునే ప్రమాదం, ఎదుటివాళ్ళకు హాని చేసే ప్రమాదం, తిండీ నీళ్ళూ కూడా చూసుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకునే స్థితి, వీటిలో ఏదో ఒకటి ఇటీవల కనిపించి ఉండాలి. ఇంతకన్నా తక్కువ కట్టుబాటుతో వైద్యం చేసే మార్గం ఉండకూడదు. ఈ అడ్మిషన్ గడువు 30 రోజులు. రోగి నిర్ణయం తీసుకునే స్థితికి వచ్చాడా అని ప్రతి 7 రోజులకూ చూడాలి. మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు (ఈ చట్టం కింద రోగుల హక్కులు, ఫిర్యాదులు చూసే బోర్డు ఇది) 7 రోజుల్లోగా తెలియజేయాలి. ఆడవాళ్ళ విషయంలో, మైనర్ల విషయంలో అయితే 3 రోజుల్లోగానే.

ప్రతినిధి అంటే ఎవరు? రోగి మామూలుగా ఉన్నప్పుడు తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి తను నమ్మినవాళ్ళను పెట్టుకోవచ్చు. వాళ్ళు బంధువులే కానక్కర్లేదు. కట్టుకున్నవాడి కన్నా పక్కింటి పిన్నిగారిని ఎక్కువ నమ్మే ఆడమనిషి ఆవిడ పేరే రాయవచ్చు. ఎవరినీ పెట్టుకోకపోతే బంధువులు, ఆ తర్వాత చూసుకునేవాళ్ళు, అలా వరస నడుస్తుంది. ఇంకో కాగితం కూడా ఉంది, ముందస్తు ఆదేశం. "నాకు మళ్ళీ జబ్బు తిరగబెడితే ఇలా వైద్యం చేయండి, ఫలానాది చేయకండి" అని ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవడం. డిశ్చార్జ్ రోజున దీని గురించి రోగికి చెప్పే నర్సులు చాలా తక్కువమంది. చెప్పాలి. మనసు తేటగా ఉన్న రోజు అదే.

"పేషెంటుకి ఏం తెలుస్తుంది సిస్టర్, మమ్మల్ని అడగండి" అంటారు. ఏం చెప్పాలి?

"మిమ్మల్నీ అడుగుతానండి, ముందు ఆయన్ని అడగనివ్వండి" అని చెప్పాలి. జబ్బు పేరును బట్టి మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి లేదని తేల్చేయకూడదు. చట్టం చూడమన్నవి మూడే: చెప్పిన విషయం అర్థమవుతోందా, ఒప్పుకుంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో తెలుస్తోందా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలుగుతున్నాడా. అతని నిర్ణయం మనకు నచ్చకపోవడం, తప్పుగా తోచడం శక్తి లేదనడానికి కారణం కాదు.

ఇక్కడ నర్సు పని చాలా ఉంది. అర్థమయ్యేలా చెప్పే బాధ్యత మనది. ముమ్మిడివరం నుంచి వచ్చిన రైతుకు "సైడ్ ఎఫెక్ట్స్" అని పుస్తకంలో ఉన్నట్టు చెప్తే తలూపుతాడు. "ఈ బిళ్ళ వేసుకుంటే నోరు పిడచగట్టుకుపోతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, బండి నడపకండి, కొన్నాళ్ళకు తగ్గుతుంది" అంటే తిరిగి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. అలా అడిగాడంటే అర్థమైనట్టు. పొద్దున అర్థం కానిది సాయంత్రం అర్థం కావచ్చు, కాబట్టి ఒకసారి అడిగి వదిలేయకూడదు.

మాత్రలు వేసుకోనంటున్నాడు. పెరుగన్నంలో కలిపి పెట్టమని వాళ్ళమ్మ బతిమాలుతోంది. పెట్టవచ్చా?

నిర్ణయం తీసుకోగల రోగికి తెలియకుండా మందు కలపడం తప్పు, ఆ పని ఎంత ప్రేమతో చేసినా. పైగా ఒకసారి దొరికిపోతే ఇక అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. అన్నంలో విషం కలుపుతున్నారని అనుమానించే జబ్బున్న మనిషికి మనమే ఆ అనుమానాన్ని నిజం చేసి చూపించినట్టవుతుంది. తర్వాత నెలల తరబడి మాట్లాడినా ఆ నమ్మకం తిరిగి రావడం కష్టం.

ఎందుకు వద్దంటున్నాడో కనుక్కోండి. ఒళ్ళు వస్తోందని ఒకరు, మగతనం తగ్గిందని చెప్పుకోలేక ఒకరు, చేతులు వణికి వలలో ముడి వేయలేకపోతున్నానని ఒకరు మానేస్తారు. ఇవన్నీ డాక్టర్ గారికి చెప్తే మందో, మోతాదో మారుతుంది. నిర్ణయ శక్తి పూర్తిగా లేని రోగి విషయంలో ప్రతినిధి తాత్కాలికంగా సమ్మతి ఇవ్వవచ్చు. అది కూడా రాతపూర్వకంగా, సైకియాట్రిస్ట్ ఆధ్వర్యంలో జరగాలి. ఆ తల్లి మీద మాత్రం కోప్పడకండి. రాత్రుళ్ళు నిద్రలేక ఆ మాట అడుగుతోంది.

చేతులు కట్టేయాల్సి వస్తే నియమాలేమిటి?

గొలుసు ఏ రూపంలోనూ కూడదు. ఒంటరి గదిలో పెట్టి తాళం వేయడం కూడదు. ఈ రెండింటికీ మినహాయింపులు లేవు.

మెత్తటి పట్టీలతో కట్టడానికి మాత్రం చట్టం ఇరుకైన దారి ఇచ్చింది. ఆ క్షణంలో జరగబోయే హానిని ఆపడానికి వేరే మార్గమే లేనప్పుడు, వైద్యం చూస్తున్న సైకియాట్రిస్ట్ అనుమతితో, తప్పనిసరైనంతసేపు మాత్రమే. ఏ పద్ధతిలో కట్టారు, ఎందుకు, ఎంతసేపు అన్నవి వెంటనే కేసు షీటులో రాయాలి. కట్టిన ప్రతిసారీ 24 గంటల్లోగా ప్రతినిధికి చెప్పాలి. శిక్షగా కట్టకూడదు, భయపెట్టడానికి కట్టకూడదు.

ఇంకో మాట చట్టంలోనే స్పష్టంగా ఉంది: సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణంతో కట్టకూడదు. రాత్రి వార్డు నిండా రోగులు, ఒక్క సిస్టర్, ఒక్క ఆయా. ఆ కష్టం నాకు తెలుసు, అది నిజమైన కష్టం. అయినా దాని భారాన్ని రోగి మణికట్టు మీద వేయడానికి చట్టం ఒప్పుకోదు, నీతీ ఒప్పుకోదు. మనుషులు చాలడం లేదని పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి, నకలు ఉంచుకోండి.

కట్టిన తర్వాతే నర్సు పని మొదలవుతుంది. పావుగంటకోసారి వెళ్ళి చూడడం మంచి వార్డుల్లో అలవాటు. వేళ్ళు చల్లబడ్డాయా, రంగు మారిందా, పట్టీ కింద వేలు దూరుతోందా, దాహమేస్తోందా, మూత్రానికి వెళ్ళాలా, దుప్పటి జారిందా. మాట్లాడుతూ చూడండి. "ఎందుకు కట్టామో చెప్తాను, తగ్గగానే విప్పేస్తాం" అన్న మాట వినని రోగి ఉండడు. పైకి విననట్టు కనిపించినా చెప్పండి.

అసలు అక్కడిదాకా రాకుండా చూసే నేర్పు వేరే ఉంది. గొంతు పెరగకముందే పక్కన కూర్చోవడం, చుట్టూ మూగిన బంధువులను బయటికి పంపడం, ఫ్యాన్ కింద మంచం వేయించడం, మంచినీళ్ళివ్వడం. మే నెల ఉక్కపోతలో సగం గొడవలు వీటితోనే సద్దుమణుగుతాయి.

గోదావరి మధ్యనున్న లంక గ్రామంలో ఒకరిని ఇంట్లోనే గొలుసుతో కట్టి ఉంచారు. నేను ఆ ఊరి ఏఎన్ఎంని. ఏం చేయాలి?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. లోపల గొలుసులతో కట్టి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. మన దగ్గర నిప్పుకు తోడు నీరు కూడా ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరదొస్తే లంకల్లో ఇళ్ళు ఖాళీ చేసి పడవలెక్కాలి. ఆ హడావుడిలో గొలుసు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఆలోచించండి. నీళ్ళు గడప దాటాక వెతికే సమయం ఉండదు.

ఇంటికి వెళ్ళినప్పుడు మొదట తిట్టకండి. చాలామంది ఆ పని చేసేది మనిషి గోదాట్లో పడిపోతాడనో, రోడ్డున పోయేవాళ్ళు కొడతారనో భయంతో. వైద్యం ఉందని, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతాయని చెప్పండి. పీహెచ్‌సీ డాక్టర్ గారికి తెలియజేయండి. అత్యవసరమైతే 72 గంటల వరకు ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా చికిత్స మొదలుపెట్టవచ్చు. దగ్గరలోని మానసిక వైద్య కేంద్రానికి తరలించడం కూడా అందులో భాగమే. భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తామంటే నమ్మకాన్ని వెక్కిరించకుండా, "మొక్కు మొక్కుకోండి, మందు కూడా వేయించండి" అనడం పనిచేస్తుంది. కొట్టడం, వాతలు పెట్టడం, పస్తులుంచడం కనిపిస్తే మాత్రం ఊరుకోకూడదు. ఇంట్లో రోగిని హింసిస్తున్నా, పట్టించుకోకుండా వదిలేసినా పోలీసులు మేజిస్ట్రేటుకు నివేదించాలి. ఆ కబురు పోలీసులకు చేర్చడం మన బాధ్యత.

రోడ్డు మీద తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు.

కరెంట్ షాక్ ఇవ్వడం చట్ట విరుద్ధమా?

కాదు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఇవ్వడమే నిషిద్ధం. మైనర్లకు సంరక్షకుల సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి రెండూ లేకుండా కుదరదు. అత్యవసర చికిత్స పేరుతో కూడా ఇవ్వకూడదు. సినిమాల్లో చూపించే దృశ్యం వల్ల రోగులు వణికిపోతారు కాబట్టి, ముందురోజు సాయంత్రమే పక్కన కూర్చుని ఏం జరుగుతుందో చెప్పండి.

పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళ మీద కేసు పెడతారా?

వరి పండించే జిల్లాలు మనవి, ఆ డబ్బా ప్రతి ఇంట్లోనూ అందుబాటులో ఉంటుంది. అందుకే ఈ ప్రశ్న తరచూ వస్తుంది. కేసు భయంతో కొందరు "పొరపాటున తాగాడండి" అని అబద్ధం చెప్తారు, ఏ మందో చెప్పరు, ఆలస్యం చేస్తారు. ఆ ఆలస్యంలో ప్రాణాలు పోతాయి.

2017 చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అతనికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో, బలవంతపెట్టడానికో ఆత్మహత్యాయత్నం చేయడం మాత్రమే నేరంగా మిగిలింది. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయడం మామూలు పద్ధతే. నమోదు చేసినంత మాత్రాన శిక్ష పడదని ఇంటివాళ్ళకు గేటు దగ్గరే చెప్పండి. "ఎందుకు చేశావ్, పిల్లలు గుర్తు రాలేదా" అని క్యాజువాలిటీలో నిలదీసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానుకోండి.

పెళ్లి సంబంధం కోసం వాకబు చేస్తూ "ఆ అమ్మాయి మీ దగ్గర మందులు వాడిందటగా" అని అడిగితే?

ఏమీ చెప్పకూడదు. "అవును" అనకూడదు, "ఆమెకు చిన్న సమస్యేలెండి" అని మేలు చేయబోయి కూడా అనకూడదు. "లేదు" అని అబద్ధమూ వద్దు. "ఎవరి విషయమైనా సరే, వచ్చారనిగానీ రాలేదనిగానీ మేం బయట చెప్పమండి" అన్న ఒక్క మాట అందరికీ ఒకేలా చెప్పాలి. ఇవాళ ఒకరికి "రాలేదు" అని చెప్పి, రేపు ఇంకొకరి విషయంలో "చెప్పం" అంటే, చెప్పనన్నదే సాక్ష్యమైపోతుంది.

మన ఊళ్ళలో అందరూ అందరికీ చుట్టాలే. అడిగేది మీ మేనత్త కావచ్చు, మీ హెడ్‌మాస్టారు కావచ్చు. రోగి రహస్యం దాచడం కష్టమయ్యేది అపరిచితుల దగ్గర కాదు, ఇలాంటి సొంతవాళ్ళ దగ్గరే. ఓపీలో చూసిన మనిషి రావులపాలెం బస్టాండులో ఎదురైతే, వాళ్ళు పలకరించేదాకా మీరు ముందుగా పలకరించకండి. కువైట్ నుంచి, దుబాయ్ నుంచి ఫోన్ చేసి "నేను వాళ్ళ అక్కనండి" అనే గొంతు నిజంగా అక్కదే కావచ్చు. అయినా రోగిని అడిగి, ఒప్పుకుంటే ఫోన్ రోగికే ఇవ్వండి. ఫోన్‌లో మాట్లాడే హక్కు, చూడటానికి వచ్చినవాళ్ళను వద్దనే హక్కు రోగికి ఉన్నాయి. వార్డులో తీసిన ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం, వెనకాల మంచం మీద రోగి కనిపించే సెల్ఫీ పెట్టడం కూడా రహస్యం బయటపెట్టడమే.

రహస్యం దాటి చెప్పి తీరాల్సిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఎదుటివాళ్ళ ప్రాణానికి ముప్పుందని తెలిసినప్పుడు, రోగి ప్రాణానికే ముప్పున్నప్పుడు, బోర్డో హైకోర్టో సుప్రీంకోర్టో ఆదేశించినప్పుడు. వైద్యం చేస్తున్న బృందంలో అవసరమైనంత మేరకు పంచుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. ఇంటి పరువు అని బతిమాలినా తప్పదు. అందుకే రోగి "మీకొక్కరికే చెప్తాను, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అన్నప్పుడు ఒట్టు వేయకండి. "ప్రాణం మీదికొచ్చే సంగతైతే డాక్టర్ గారికి చెప్పాల్సి ఉంటుందమ్మా" అని ముందే చెప్పండి. అయినా చాలామంది చెప్తారు.

బాలింతకు మతి చలిస్తే బిడ్డను వేరు చేయాలా?

మూడేళ్ళ లోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదు. తల్లి వల్ల బిడ్డకు హాని జరిగే ప్రమాదం ఉందని సైకియాట్రిస్ట్ తేల్చితే తాత్కాలికంగా వేరు చేయవచ్చు. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి తిరిగి చూడాలి. వేరుగా ఉన్నా పర్యవేక్షణలో బిడ్డను చూపించాలి. గుండు గీయడం, యూనిఫాం తొడగడం బలవంతంగా చేయకూడదు. నెలసరి సమయంలో కావలసినవి ఇవ్వడం కూడా చట్టంలో రాసిన హక్కే. ఇంత చిన్న విషయాన్ని కూడా చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఆడవార్డుల్లో ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

కొబ్బరితోట కాగితాల మీద సంతకం పెట్టించడానికి బంధువులు వార్డుకు వచ్చారు. సాక్షిగా నన్ను సంతకం చేయమంటున్నారు.

చేయకండి. వెంటనే డ్యూటీ డాక్టర్ గారికి చెప్పి, నోట్స్‌లో రాయండి. మానసిక జబ్బుందన్నంత మాత్రాన మనిషి మతిస్థిమితం లేనివాడని కోర్టు చెప్పనిదే ఎవరూ తేల్చలేరు, కాబట్టి ఆస్తి రాసుకునే హక్కు అతనికి పోదు. అదే సమయంలో, మత్తు మందుల మీద మంచంలో ఉన్న మనిషి చేత వేలిముద్ర వేయించుకోవడం దోపిడీ. అతనికి వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

తగ్గి ఇంటికెళ్ళేవాళ్ళు ఆత్రేయపురం పూతరేకులు తెస్తే తీసుకోవచ్చా?

వార్డులో అందరూ పంచుకుని తింటే తప్పులేదు. చీర, డబ్బు, బంగారం ఏ రూపంలోనూ వద్దు. అప్పు ఇవ్వకండి, తీసుకోకండి. చికిత్సలో ఉన్న రోగితో ప్రేమ వ్యవహారం నీతికి పూర్తిగా విరుద్ధం, ఎవరు మొదలుపెట్టినా సరే.

నోట్స్ ఎలా రాయాలి?

చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. "పేషెంట్ మొండికేశాడు" అన్నది మీ అభిప్రాయం. "రాత్రి 8:10కి మాత్ర ఇవ్వగా వద్దన్నాడు, కడుపులో మంటగా ఉందన్నాడు, 8:20కి డాక్టర్ గారికి ఫోన్ చేశాను" అన్నది రికార్డు. ఫోన్‌లో ఇచ్చిన ఆర్డర్‌ను తిరిగి చదివి వినిపించి, టైము వేసి, వీలైనంత త్వరగా సంతకం తీసుకోండి. తన రికార్డు చూసుకునే హక్కు రోగికి ఉంది. రేపు తను చదివినా నొచ్చుకోని భాషలో రాయండి.

తప్పనిపించిన ఆర్డర్‌ను కాదంటే నా ఉద్యోగానికి ఇబ్బంది కదా?

భయం సహజమే. కానీ "పైవాళ్ళు చెప్పారు" అన్నది చట్టం ముందు నిలబడే జవాబు కాదు. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే 2 ఏళ్ళ వరకు జైలు, జరిమానా 50,000 నుంచి 5 లక్షల వరకు వెళ్ళవచ్చు. ఎదిరించినట్టు కాకుండా అడిగినట్టు మాట్లాడండి: "సార్, కేసు షీటులో కారణం రాసి సంతకం పెట్టండి, అప్పుడు కడతాం." రాయమనగానే చాలా ఆర్డర్లు మారిపోతాయి. మారకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి చెప్పి, చెప్పినట్టు రాసి పెట్టుకోండి.

జబ్బు తగ్గినా ఇంటివాళ్ళు తీసుకెళ్ళడం లేదు. ఏం చేయాలి?

ఎవరూ రాలేదన్న కారణంతో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయడానికి వీల్లేదు. సమాజంలో బతికే హక్కు అతనిది. ఇల్లు లేకపోతే నీడ చూపించే బాధ్యత ప్రభుత్వానిది. డిశ్చార్జ్ ప్లాన్ అడ్మిషన్ నాడే మొదలవ్వాలి. ఏ ఊరు, ఏ ఆశా కార్యకర్త, మందులు ఏ ఆసుపత్రిలో, పంటు మీద గోదావరి దాటి రావాలా, వరదల నెలల్లో రాలేకపోతే ముందే ఎక్కువ రోజుల మందులు ఇవ్వాలా, ఇవన్నీ అడిగి రాసుకోండి. ఇంటివాళ్ళతో మాట్లాడితే చాలాసార్లు తెలిసేది వాళ్ళకు ప్రేమ లేదని కాదు, మళ్ళీ తిరగబెడితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియదని. 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) నంబర్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. న్యాయ సహాయానికి 15100. రోగి హక్కులకు భంగం జరిగితే ముందు ఆసుపత్రి అధికారికి, అక్కడి జవాబు తృప్తిగా లేకపోతే రివ్యూ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ నంబర్లను డిశ్చార్జ్ కాగితం వెనకాల పెద్ద అక్షరాలతో రాసి, రోగి చేతికే ఇవ్వండి.